మాడ్యూల్ లోడ్ అవడం వేరు, పని మొదలుపెట్టడం వేరు

సంపాదకులకు నమస్కారం.

ప్రోగ్రాములు మొదలవడానికి ఎందుకంత సేపు పడుతుందో వివరిస్తూ మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదట్లో చేసే పనులన్నీ వాయిదా వేయండి, ఏది ఎప్పుడు అవసరమైతే అప్పుడే చేయండి అని రచయిత తేల్చేశారు. సమస్యను ఆయన సరిగ్గానే పట్టుకున్నారు గానీ, అన్ని రకాల ప్రోగ్రాములకూ ఒకే మందు రాసిచ్చారు. సర్వర్ ప్రోగ్రాములను విడుదలకు ముందు చదివి, ఇవి నిలబడతాయా లేదా అని చెప్పడం నా ఉద్యోగం. అవి పడిపోయిన రాత్రి లేచి కూర్చుని లాగులు, అంటే ప్రోగ్రాం తాను చేసిన పనుల గురించి రాసుకునే నమోదులు, చదవడం కూడా నా ఉద్యోగంలో భాగమే. అందుకే ఈ విషయం నాకు పట్టింపు. నేను చెప్పదలచుకున్నది ఇదీ: ప్రారంభపు పనులు ఎప్పుడు జరగాలన్న నిర్ణయం మాడ్యూల్ (ప్రోగ్రాంలో విడి ఫైలుగా రాసిన భాగం) చేతిలో ఉండకూడదు, దాన్ని వాడుకుంటున్న అప్లికేషన్ చేతిలో ఉండాలి. తనకేం కావాలో మాడ్యూల్ చెప్పాలి. ఎప్పుడు అన్నది అప్లికేషన్ చెప్పాలి. వాయిదా వేయడమా, ముందే చేయడమా అన్న చర్చ ఆ తర్వాత వస్తుంది.

ముందు రచయితతో ఏకీభవించే చోటు. పైథాన్ భాషలో ఒక మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయడమంటే, అంటే మన ప్రోగ్రాంలోకి తెచ్చుకోవడమంటే, ఆ ఫైలులో ఫంక్షన్ల బయట రాసిన ప్రతి వరుసనూ అమలు చేయడమే. మొదటిసారి ఇంపోర్ట్ అయినప్పుడు ఒక్కసారి జరుగుతుంది, ఆ తర్వాత గుర్తుపెట్టుకున్న మాడ్యూలే మళ్లీ అందుతుంది. ఇది తెలిసి కూడా చాలామంది ఆ వరుసల్లో డేటాబేస్ కనెక్షన్ తెరుస్తారు, ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి సెట్టింగులు తెచ్చుకుంటారు, ఒక థ్రెడ్ (మిగతా పనితో పాటు పక్కనే నడిచే పని) కూడా మొదలుపెడతారు. ఆ ఫైలులోని ఒక చిన్న స్థిరాంకం కోసం ఇంకెవరో దాన్ని ఇంపోర్ట్ చేసుకుంటారు. అంతే, వాళ్ల ప్రోగ్రాం కూడా ఆ కనెక్షన్ తెరుస్తుంది. సహాయం సందేశం చూపించి ముగిసిపోవాల్సిన చిన్న కమాండ్ కూడా నెట్‌వర్క్ కోసం కాచుకుని కూర్చుంటుంది. పైథాన్ 3.7 నుంచి ఇంపోర్ట్‌టైమ్ అనే ఆప్షన్ ఉంది. అది ఏ మాడ్యూల్ లోడ్ కావడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో వరుసగా అచ్చువేస్తుంది. మీ పాఠకుల్లో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒక్కసారి తమ ప్రోగ్రాంను దానితో నడిపి చూడాలని నా కోరిక. ఎవరు ఎవరిని వెంటబెట్టుకుని వస్తున్నారో కళ్లకు కడుతుంది.

నేను చూసినవాటిలో బాగా గుర్తుండిపోయింది జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో (అప్లికేషన్ కట్టుకునే తయారు చట్రంతో) రాసిన ఒక అప్లికేషన్. అందులో ఒక ఫారం ఉంది. ఆ ఫారంలో ఎంచుకునే విభాగాల జాబితాను డేటాబేస్‌లోని ఒక పట్టిక నుంచి తెచ్చే వరుసను ఫంక్షన్ లోపల కాక, ఫైలు పైభాగంలో రాశారు. పాత సర్వర్ల మీద చక్కగా నడిచింది, ఎందుకంటే అక్కడ పట్టిక అప్పటికే ఉంది. కొత్త సర్వర్ ఒకటి సిద్ధం చేసి, పట్టికలు తయారు చేసే మైగ్రేషన్ కమాండ్ ఇచ్చాం. ఆ కమాండ్ మొదలవుతూ తనిఖీల కోసం అప్లికేషన్ ఫైళ్లన్నీ లోడ్ చేసింది, ఆ ఫారం ఫైలు కూడా లోడ్ అయింది, అది పట్టికను అడిగింది. పట్టిక లేదు. పట్టికను తయారు చేయాల్సిన కమాండే, పట్టిక లేదన్న కారణంతో ఆగిపోయింది. ఆ బృందం రెండు వారాలు దీనికి ఏవేవో అతుకులు వేసింది. చివరికి ఆ ఒక్క వరుసను ఫంక్షన్‌లోకి జరిపితే తీరిపోయింది. నాకు బాధ కలిగించింది ఆ వరుస కాదు. అది అక్కడ ఉండటం తప్పని ఆ బృందంలో ఎవరికీ ఎవరూ చెప్పి ఉండకపోవడం.

జాంగోవాళ్లు ఈ విషయంలో చాలా ఆలోచించారు. 2014లో వచ్చిన 1.7 వెర్షన్‌తో ప్రారంభాన్ని మూడు అంచెలుగా విడగొట్టారు. మొదట ప్రతి యాప్ వివరాలు, తర్వాత మోడళ్లు (డేటాబేస్ పట్టికలను వర్ణించే క్లాసులు), అన్నీ లోడ్ అయ్యాకే ప్రతి యాప్‌లోనూ రెడీ అనే ఫంక్షన్‌ను పిలవడం. అయినా ఆ రెడీలో డేటాబేస్ జోలికి పోవద్దని వాళ్ల పత్రాల్లోనే హెచ్చరిక ఉంది. కారణం కూడా చెప్పారు: రెడీ ప్రతి కమాండ్‌కూ నడుస్తుంది, పరీక్షలు నడిపే కమాండ్‌కు కూడా. అప్పటికి పరీక్షల డేటాబేస్ ఇంకా తయారై ఉండదు. కాబట్టి మీరు అక్కడ రాసిన క్వెరీ (డేటాబేస్‌కు వేసే ప్రశ్న) నేరుగా అసలు డేటాబేస్ మీదికి వెళ్తుంది. 5.0 వచ్చేసరికి, ప్రారంభ సమయంలో డేటాబేస్‌ను తాకితే ఫ్రేమ్‌వర్కే హెచ్చరిక ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ హెచ్చరిక అవసరమైందంటే ఈ అలవాటు ఎంత గట్టిదో ఆలోచించండి.

లోడ్ అవుతూనే పనిచేసే మాడ్యూళ్లతో రెండో చిక్కు, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస. సీ ప్లస్ ప్లస్ భాషలో ఒకే ఫైలులోని గ్లోబల్ వస్తువులు (ఏ ఫంక్షన్ లోపలా కాక, ప్రోగ్రాం అంతటికీ ఉండేవి) రాసిన వరుసలో తయారవుతాయి. రెండు వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాటి మధ్య వరుసకు ఏ హామీ లేదు. ఈ ఫైలులోని లాగర్ (లాగులు రాసే భాగం), ఆ ఫైలులోని సెట్టింగులను అడిగితే, అవి తయారయ్యాయో లేదో అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఆ భాష మొదటి రోజుల్లోనే ఇన్‌పుట్ అవుట్‌పుట్ స్ట్రీముల కోసం జెర్రీ ష్వార్జ్ ఒక లెక్కింపు ఉపాయం కనిపెట్టాల్సి వచ్చింది. ఆ స్ట్రీముల హెడర్‌ను (వాటి ప్రకటనలుండే ఫైలును) చేర్చుకున్న ప్రతి ఫైలులోనూ ఒక చిన్న కౌంటర్ వస్తువు ఉంటుంది, మొదట తయారైన కౌంటర్ స్ట్రీములను సిద్ధం చేస్తుంది, చివర పోయేది వాటిని మూసేస్తుంది. తెలివైన ఉపాయమే. కానీ మామూలు అప్లికేషన్ రాసుకునేవాళ్లు ఇంత కష్టపడాల్సిన అవసరం లేదు.

గో భాషవాళ్లు ఈ వరుసను నిర్దిష్టం చేశారు. ఏ ప్యాకేజీ (ఇక్కడ మాడ్యూల్ లాంటి భాగం) అయినా తాను ఇంపోర్ట్ చేసుకున్నవన్నీ సిద్ధమయ్యాకే సిద్ధమవుతుంది, ఇనిట్ అనే ప్రారంభపు ఫంక్షన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి. 2023లో వచ్చిన 1.21లో మిగిలిన సందిగ్ధాన్నీ తీసేశారు. ప్యాకేజీలను ఇంపోర్ట్ దారి పేరు ప్రకారం అమర్చి, కావాల్సినవన్నీ సిద్ధంగా ఉన్న వాటిలో జాబితాలో ముందున్నదాన్ని తీసుకుంటారు. దీనివల్ల ఏ యంత్రం మీదైనా ఒకే వరుస వస్తుంది. మంచి మార్పే. అయితే నా బృందాల్లో కొందరు దీన్ని చూసి, ఇక ఇనిట్‌లో ఏమైనా రాసుకోవచ్చని సంబరపడ్డారు. రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోకపోయినా, ఒకటి రాసిపెట్టే ఫైలును ఇంకొకటి చదువుతూ ఉండవచ్చు. ఆ సంబంధం, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు కనబడదు. అప్పుడు మన ప్రోగ్రాం పనిచేయడం ప్యాకేజీల పేర్ల అక్షరక్రమం మీద ఆధారపడుతుంది. ఎవరో సదుద్దేశంతో ఒక ప్యాకేజీ పేరు మారిస్తే చాలు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవాళ్లు ఈ దారంతా ముందే నడిచారు, వాళ్లను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ సిస్టమ్ గుండెకాయలాంటి భాగంలో, ప్రారంభపు ఫంక్షన్లకు అంచెలున్నాయి: కోర్, పోస్ట్‌కోర్, ఆర్క్, సబ్‌సిస్, ఎఫ్ఎస్, డివైస్, లేట్ అని. ప్రతి డ్రైవరూ (ఒక్కో పరికరాన్ని నడిపే కోడ్) తన అంచె తాను చెప్పుకుంటుంది. అంచెలు తక్కువ, డ్రైవర్లు వేలు. ఒకే అంచెలో ఉన్నవాటి మధ్య వరుస లింక్ అయిన క్రమాన్ని బట్టి వస్తుంది. చిన్న పరికరాల్లో ఒక చిప్‌కు కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ ఇంకో చిప్ లోపల ఉంటుంది, దాని డ్రైవర్ ఇంకా లేచి ఉండదు. 2012లో 3.4 వెర్షన్‌తో వచ్చిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. నాకు కావాల్సింది ఇంకా రాలేదు, తర్వాత పిలవండి అని డ్రైవర్ ఒక ప్రత్యేకమైన సమాధానం ఇవ్వవచ్చు. కెర్నెల్ దాన్ని పక్కన పెట్టుకుని, ఇంకో డ్రైవర్ విజయవంతంగా లేచాక మళ్లీ పిలుస్తుంది. గమనించండి, డ్రైవర్ తన అవసరం చెప్పింది, ఎప్పుడు పిలవాలో కెర్నెల్ నిర్ణయించింది. అదే కెర్నెల్ ఇంకో మంచి పని కూడా చేస్తుంది. బూట్ సమయంలో మాత్రమే అవసరమైన కోడ్‌ను ఒక వేరే విభాగంలో గుర్తుపెట్టి, బూట్ అయ్యాక ఆ మెమరీని విడుదల చేస్తుంది. ప్రారంభం అనేది ఒక వేరే దశ అని అంత స్పష్టంగా చెప్పిన డిజైన్ తక్కువ.

మూడో చిక్కు లాకులు, అంటే ఒక థ్రెడ్ పట్టుకుని ఉండగా మిగతావి ఆగాల్సిన తాళాలు. క్లుప్తంగా చెబుతాను. విండోస్‌లో డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకునే లైబ్రరీ ఫైలు) లోడ్ అయ్యేటప్పుడు డీఎల్ఎల్‌మెయిన్ అనే ఫంక్షన్ నడుస్తుంది, ఆ సమయంలో లోడర్ లాక్ పట్టుకుని ఉంటుంది. అందులోంచి ఇంకో డీఎల్ఎల్‌ను లోడ్ చేయవద్దనీ, ఇంకో థ్రెడ్ కోసం ఆగవద్దనీ మైక్రోసాఫ్ట్ పత్రాలు గట్టిగా చెబుతాయి. జావాలో ఒక్కో క్లాస్ ప్రారంభానికి ఒక్కో లాక్ ఉంటుంది. రెండు క్లాసుల స్టాటిక్ భాగాలు (క్లాస్ సిద్ధమయ్యేటప్పుడు ఒక్కసారి నడిచే కోడ్) ఒకదాన్నొకటి పిలిచేట్టు ఉండి, రెండు థ్రెడ్‌లు చెరో వైపు నుంచి మొదలుపెడితే రెండూ శాశ్వతంగా నిలిచిపోతాయి. పరీక్షల్లో ఒకే థ్రెడ్ ఉంటుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ బయటపడదు.

ఇక రచయితతో విభేదించే చోటు. అన్నీ మొదటి వాడకం దాకా వాయిదా వేస్తే ప్రోగ్రాం చటుక్కున లేస్తుంది, నిజమే. కానీ డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పు ఉంటే ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? విడుదల చేసిన మనిషి తెర ముందు ఉన్నప్పుడు కాదు. ఎప్పుడో ఒక వాడకందారు ఆ పేజీ తెరిచినప్పుడు. నెలాఖరు నివేదిక తయారు చేసే మాడ్యూల్ అయితే నెలాఖరు రాత్రి. విడుదల అయిపోయి, పాత వెర్షన్ సర్వర్లు మూసేసి, అందరూ పడుకున్నాక. జావాలోని స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ మామూలుగా సింగిల్‌టన్ (అప్లికేషన్ అంతటికీ ఒక్కటే ఉండే) వస్తువులన్నీ మొదట్లోనే తయారు చేస్తుంది, తప్పులు అప్పుడే బయటపడాలనే. 2019లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 2.2లో అన్నిటినీ ఒక్క సెట్టింగుతో బద్ధకంగా, అంటే మొదటి వాడకం దాకా ఆగేట్టు, మార్చే వీలు కల్పించారు. దాన్ని మామూలుగా ఆఫ్‌లోనే ఉంచారు, తప్పులు ఆలస్యంగా తెలుస్తాయని పత్రాల్లోనే చెప్పారు. అభివృద్ధి చేసేటప్పుడు నేనూ ఆ సెట్టింగు వాడమనే చెబుతాను. అసలు సర్వర్ల మీద మాత్రం సంతకం పెట్టను.

వాయిదా పద్ధతిలో ఇంకా లోతైన ప్రమాదం, విఫలమైన ప్రారంభానికి ఏం జరుగుతుందన్నది. భాషను బట్టి ఇది పూర్తిగా మారిపోతుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. సీ ప్లస్ ప్లస్‌లో ఫంక్షన్ లోపలి స్టాటిక్ వస్తువు తయారవుతూ ఎక్సెప్షన్ విసిరితే (విఫలమయ్యానని చెబితే), తర్వాత ఎవరైనా ఆ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు మళ్లీ ప్రయత్నిస్తుంది. పైథాన్‌లో ఇంపోర్ట్ మధ్యలో విఫలమైతే ఆ మాడ్యూల్‌ను గుర్తుల్లోంచి తీసేస్తుంది, మళ్లీ ఇంపోర్ట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి. జావాలో అలా కాదు. క్లాస్ స్టాటిక్ భాగం ఒక్కసారి విఫలమైతే ఆ క్లాస్ ఆ ప్రోగ్రాం ఉన్నంతకాలం పనికిరాదు. పైగా మొదటిసారి ప్రారంభం విఫలమైందన్న ఎర్రర్, అసలు కారణంతో సహా వస్తుంది. రెండోసారి నుంచి క్లాస్ నిర్వచనం దొరకలేదన్న వేరే ఎర్రర్ వస్తుంది. రాత్రిపూట లాగులు చదివేవాళ్లకు వేల సంఖ్యలో కనిపించేది రెండోదే. క్లాసులుండే జార్ ఫైలు పోయిందేమో, విడుదల సరిగ్గా జరగలేదేమో అని అటు వెతుకుతారు. గంటల కిందట ఒకే ఒక్కసారి అచ్చయిన మొదటి ఎర్రర్‌లో అసలు కథ ఉంటుంది. గో భాషలోని వన్స్ కూడా ఇలాంటిదే. ఇచ్చిన ఫంక్షన్‌ను ఒకే ఒక్కసారి నడుపుతుంది. అందులో కనెక్షన్ దొరక్కపోయినా అయిపోయినట్టే లెక్క, మళ్లీ నడపదు. నెట్‌వర్క్ ఒక్క క్షణం తడబడితే, ఆ క్షణం మొదటి వాడకంతో కలిసి వస్తే, ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టేదాకా ఆ భాగం చచ్చిపడి ఉంటుంది. కాబట్టి వాయిదా వేయదలచుకున్నవాళ్లు, విఫలమైతే ఏం చేస్తాం అన్న ప్రశ్నకు జవాబు రాసిపెట్టకుండా వాయిదా వేయకూడదు.

పైథాన్ సమాజం ఈ చర్చ మొత్తాన్ని బహిరంగంగా జరిపింది. 2022లో పెప్ 690 అనే ప్రతిపాదన వచ్చింది. ఒక ఆప్షన్ పెడితే ఇంపోర్ట్‌లన్నీ వాటంతటవే బద్ధకంగా మారిపోతాయని దాని సారాంశం. దాన్ని తిరస్కరించారు. ఒకే లైబ్రరీ రెండు రకాలుగా ప్రవర్తించే రెండు ప్రపంచాలు తయారవుతాయన్నది ముఖ్యమైన అభ్యంతరం. 2025లో పెప్ 810 వచ్చింది. ఇందులో ఏ ఇంపోర్ట్‌ను వాయిదా వేయాలో ఆ వరుస మీదే లేజీ అని రాయాలి. దాన్ని ఆమోదించారు. వాడుకునేవాళ్లు చదివే చోట, వాళ్లే రాసిన వరుస మీద నిర్ణయం కనబడాలి. నేను పోట్లాడేది దీనికోసమే.

మరి నేను కోడ్ చదివేటప్పుడు ఎలా తేలుస్తానంటారా? మొదట అడిగేది, ఈ పని బయటి ప్రపంచాన్ని తాకుతుందా అని. తాకకపోతే, అంటే మెమరీలో ఒక పట్టిక అమర్చుకోవడం, ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను (అక్షరాలను వెతికే నమూనాను) కంపైల్ చేసుకోవడం లాంటిదైతే, లోడ్ అవుతూ చేసుకున్నా నేను అడ్డుపడను. పేరు నమోదు చేసుకోవడాన్ని కూడా ఒప్పుకుంటాను. గోలో డేటాబేస్ డ్రైవర్లు ఇనిట్‌లో తమ పేరు నమోదు చేసుకుంటాయి, అంతకు మించి ఏమీ చేయవు. ఒకే పేరును రెండుసార్లు నమోదు చేస్తే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది, అలా ఆగడమే సరైనది. ఫైలు, నెట్‌వర్క్, గడియారం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, థ్రెడ్ వీటిలో దేన్ని తాకినా అది లోడ్ సమయంలో ఉండకూడదు. అప్లికేషన్ పిలిచే ఒక స్టార్ట్ ఫంక్షన్‌లోకి పోవాలి.

రెండో ప్రశ్న, ఇది లేకుండా అప్లికేషన్ ఒక్క అభ్యర్థనకైనా సరైన జవాబు ఇవ్వగలదా? ఇవ్వలేకపోతే, సిద్ధం అని ప్రకటించకముందే అది జరిగి తీరాలి. ఇవ్వగలిగితే ప్రకటించాక వెనకాల చేసుకోవచ్చు. చాలా అరుదుగా వాడేదైతే మొదటి అవసరం దాకా ఆగవచ్చు, కానీ దాని సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. నెలాఖరు నివేదిక కోసం మొదట్లోనే లైబ్రరీ అంతా లోడ్ చేయనక్కరలేదు. నివేదిక రాసే డైరెక్టరీ ఉందా, అందులో రాసే అనుమతి ఉందా అన్నది చూడటానికి క్షణం పట్టదు.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు వైఫల్యాలను కలిపేస్తారు, దీని మీద కాస్త ఆగుతాను. సెట్టింగు తప్పుగా ఉండటం ఒక రకం. పోర్టు నంబరు ఉండాల్సిన చోట అక్షరాలున్నాయి, కీ ఫైలు లేదు. ఎంతసేపు ఆగినా అది బాగుపడదు. వెంటనే, స్పష్టమైన సందేశంతో, ఆగిపోవాలి. అవతలి సర్వీసు ప్రస్తుతానికి పలకకపోవడం వేరే రకం. అది కాసేపట్లో బాగుపడవచ్చు. దానికి కూడా ఆగిపోతే, కరెంటు పోయి వచ్చిన రోజు చూడాలి. మొదటి సర్వీసు రెండోది లేవలేదని చచ్చిపోతుంది, రెండోది మూడోది లేవలేదని చచ్చిపోతుంది, మూడోదానికి మొదటిది కావాలి. మామూలు రోజుల్లో ఒక్కొక్కటిగా మారుస్తాం కాబట్టి ఈ వలయం ఎవరికీ కనబడదు. నేను అడిగేది ఏమిటంటే, లేవండి, ఇంకా సిద్ధంగా లేనని నిజం చెప్పండి, వ్యవధి పెంచుకుంటూ మళ్లీ మళ్లీ ప్రయత్నించండి.

ఆ నిజం చెప్పడానికి, కంటైనర్లను (ప్రోగ్రాం విడిగా నడిచే పెట్టెలను) నడిపించే కుబెర్నెటిస్‌లో మంచి ఏర్పాటు ఉంది. బతికే ఉన్నావా అన్న తనిఖీ వేరు, సిద్ధమేనా అన్న తనిఖీ వేరు. మొదటిది తప్పితే కంటైనర్‌ను చంపి మళ్లీ మొదలుపెడుతుంది. రెండోది తప్పితే దానికి అభ్యర్థనలు పంపడం ఆపుతుంది, అంతే. బతికి ఉన్నావా తనిఖీకి ఏ విలువలూ ఇవ్వకపోతే 10 సెకన్లకోసారి చూసి, 3 సార్లు వరుసగా విఫలమైతే చంపేస్తుంది. ఇప్పుడు ఒక సర్వీసు పోర్టు తెరవకముందే క్యాషె (తరచూ కావాల్సిన డేటాను దగ్గర పెట్టుకునే చోటు) నింపుకోవడానికి పెద్ద పట్టికంతా చదువుతోందనుకోండి. అర నిమిషం దాటగానే చంపేస్తుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పట్టిక మొదటి నుంచి చదువుతుంది. ఈసారి డేటాబేస్ మీద భారం ఎక్కువ, ఇంకా నెమ్మది. నేను చూసిన ఇలాంటి సందర్భంలో చివరికి డేటాబేస్ కూడా పలకడం మానేసింది, దాంతో ఏ సంబంధమూ లేని సర్వీసులూ ఆగాయి. నెమ్మదిగా లేచేవాటి కోసమే స్టార్టప్ తనిఖీ అని మూడోది తెచ్చారు. 2020 డిసెంబరులో వచ్చిన 1.20లో అది స్థిరపడింది. అది ఉందని తెలియని బృందాలు ఇప్పటికీ మొదటి తనిఖీ గడువునే పెంచుకుంటూ పోతున్నాయి. అలా చేస్తే, తర్వాత నిజంగా ప్రోగ్రాం స్తంభించిన రోజున దాన్ని గుర్తించడం కూడా అంతే ఆలస్యమవుతుంది.

అప్లికేషన్ ప్రారంభం అన్న మాట విన్నప్పుడు మనసులో ఒకే ప్రోగ్రాం ఒకసారి లేవడం మెదులుతుంది. అసలు సర్వర్ల మీద అలా జరగదు. ఒకే యంత్రంలో అనేక వర్కర్ ప్రాసెస్‌లు (అదే ప్రోగ్రాం నకళ్లు), అలాంటి యంత్రాలు అనేకం, అన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి. ప్రారంభంలో రాసిన ప్రతి పనీ ప్రతి ప్రాసెస్‌లోనూ జరుగుతుంది. రోజుకోసారి మెయిళ్లు పంపే టైమర్‌ను మాడ్యూల్ లోడ్ అవుతూ మొదలుపెడితే, ఎన్ని వర్కర్లుంటే అన్ని మెయిళ్లు. డేటాబేస్ పట్టికల ఆకారం మార్చే పనిని ప్రారంభంలో పెడితే, ఒకే మార్పును ఒకేసారి ఇందరు చేయబోతారు. రాసినవాళ్ల యంత్రం మీద వర్కర్ ఒక్కటే ఉంటుంది కాబట్టి వాళ్లకు అంతా బాగానే కనబడుతుంది. ఇలాంటివి ప్రారంభపు పనులే కావు. విడుదలకు ముందు ఒక్కసారి, ఒక్క చోట, విడిగా నడిపే కమాండ్‌లుగా ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

మొబైల్ యాప్‌ల సంగతి రచయిత బాగానే రాశారు. ఒక్కటి చేరుస్తాను. ఆండ్రాయిడ్‌లో కంటెంట్ ప్రొవైడర్లు (యాప్‌లు డేటా పంచుకోవడానికి వాడే భాగాలు) యాప్ సొంత ప్రారంభపు ఫంక్షన్ అయిన ఆన్‌క్రియేట్ కన్నా ముందే తయారవుతాయి. ఎన్నో లైబ్రరీలు ఆ సందు చూసుకుని, యాప్ రాసినవాళ్లు ఒక్క వరుస కూడా రాయకుండానే తమంతట తాము మొదలైపోయేవి. వాడటం తేలిక, కానీ పది లైబ్రరీలు చేరేసరికి పది ప్రొవైడర్లు, యాప్ రాసినవాళ్లకు ఏ వరుసలో లేస్తున్నాయో కూడా తెలియదు. తర్వాత గూగుల్ తన ఆండ్రాయిడ్ లైబ్రరీల సముదాయమైన జెట్‌ప్యాక్‌లో యాప్ స్టార్టప్ అనే లైబ్రరీ తెచ్చింది. ప్రతి భాగమూ తనను తయారు చేసే ఫంక్షన్ ఒకటి, తనకు ముందు కావాల్సిన భాగాల జాబితా ఒకటి ఇస్తుంది. ఒకే ప్రొవైడర్ అన్నిటినీ సరైన వరుసలో లేపుతుంది, అక్కర్లేనిదాన్ని యాప్ తీసేయవచ్చు. అలాంటి జాబితాల నుంచి సరైన వరుసను లెక్కగట్టే పద్ధతిని ఆర్థర్ కాన్ 1962లోనే ప్రచురించారు. వలయం ఉంటే అది కూడా ఆ లెక్కలోనే బయటపడుతుంది. ప్రతి కాలేజీలో చెప్పే పాఠమే ఇది, ఉద్యోగంలోకి వచ్చాక ఎక్కడ వాడాలో మాత్రం చెప్పరు.

నా మాటకు ఎప్పుడూ వచ్చే అభ్యంతరం, అప్పుడు మెయిన్ ఫైలు చాలా పొడవైపోతుంది కదా అని. అవుతుంది. సెట్టింగులు చదువు, లాగర్ తెరువు, డేటాబేస్ పూల్ (సిద్ధంగా ఉంచుకునే కనెక్షన్ల గుంపు) తయారు చెయ్యి, క్యూలోని పనులను చదివే భాగాలను మొదలుపెట్టు, పోర్టు తెరువు, సిద్ధం అని చెప్పు. ఒక్కో వరుసా కళ్ల ముందు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చదవమనేది ఆ ఫైలే. అప్లికేషన్ దేని మీద దేన్ని నిలబెట్టుకుందో అక్కడ తప్ప ఇంకెక్కడా ఒకేచోట దొరకదు. అదే వరుస తిరగేస్తే మూసివేత వరుస వస్తుంది: ముందు కొత్త అభ్యర్థనలు ఆపాలి, చేతిలో ఉన్నవి ముగించాలి, పూల్ మూయాలి, చివర లాగర్. ఎర్లాంగ్ భాషలో సూపర్‌వైజర్ (ఇతర ప్రాసెస్‌లను కనిపెట్టుకుని ఉండే ప్రాసెస్) తన పిల్ల ప్రాసెస్‌లను జాబితా వరుసలో లేపి, దానికి వ్యతిరేక వరుసలో ఆపుతుంది. లోడ్ అవుతూ తెరిచిన కనెక్షన్‌ను మూసేవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే దాన్ని ఎవరూ తెరవమనలేదు.

రచయిత ఈ శీర్షికను కొనసాగిస్తారని అనుకుంటున్నాను. తర్వాతి వ్యాసంలో వాయిదా ఎలా వేయాలో చెప్పేటప్పుడు, వాయిదా వేసిన పని విఫలమైతే ఏ భాషలో ఏం జరుగుతుందో పాఠకులకు పట్టిక వేసి చూపించమని ఆయనకు నా మనవి. జావా వరుసలో రెండు ఎర్రర్ల పేర్లూ పక్కపక్కనే వేయండి. లాగులో రెండోది కనబడినవాళ్లు మొదటిదాని కోసం పైకి వెతకాలని తెలుసుకుంటారు.

భవదీయురాలు,
సర్వర్ నిర్వహణలో పనిచేసే మీ పాఠకురాలు